ఏసీ బిగింపు పని, సొంత కాంట్రాక్టు: యాక్సిడెంట్ పాలసీలో ఏం చూసుకోవాలి?

రాగిపైపు_బెజవాడ:

అందరికీ నమస్కారం. నాది స్ప్లిట్ ఏసీల బిగింపు, సర్వీసు పని. వయసు 34. డీలర్ల దగ్గర జీతం కాదు, పనికింత అని రేటు. ఇద్దరు హెల్పర్లు రోజుకూలీ మీద వస్తారు. ఔట్‌డోర్ యూనిట్లు ఎక్కువగా అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు, నాలుగో అంతస్తు బయటి గోడలకే పడతాయి. ఖర్చులు పోను నెలకు సగటున 40 వేలు మిగులుతుంది. ఎండాకాలం ఎక్కువ, వానాకాలం తక్కువ.

ఇప్పుడున్నవి రెండు: బ్యాంకు ఖాతాలో ఏటా 20 రూపాయలు కట్ అయ్యే ప్రధానమంత్రి సురక్షా బీమా, బండి ఇన్సూరెన్సుతో వచ్చిన 15 లక్షల ఓనర్ డ్రైవర్ కవరు. ఒక ఏజెంటు 25 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ చూపించారు. ఫారంలో వృత్తి దగ్గర "షాపు యజమాని" అని రాస్తే ప్రీమియం తగ్గుతుందంటున్నారు.

ఎత్తు నుంచి పడితే ఇవి నిజంగా పనికొస్తాయా? వృత్తి దగ్గర ఏం రాయాలి? "వీక్లీ బెనిఫిట్" అని ఒకటి అదనంగా అమ్ముతున్నారు, దానికి డబ్బు పెట్టొచ్చా? హెల్పర్లకు కూడా ఇదే పాలసీ తీసుకుంటే సరిపోతుందా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

క్లెయిము_ఫైలు:

ముందు ఆ "షాపు యజమాని" మాట దగ్గర ఆగండి. మీ ప్రశ్నలన్నిట్లో ప్రమాదకరమైనది అదే.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో కంపెనీలు వృత్తులను మామూలుగా మూడు రిస్కు వర్గాలు చేస్తాయి. మొదటి వర్గంలో ఆఫీసు ఉద్యోగులు, టీచర్లు, డాక్టర్లు, లాయర్లు, కొట్లో కూర్చుని వ్యాపారం చేసేవాళ్లు. రెండోదాంట్లో ఒళ్లొంచి చేసే పనివాళ్లు, బిల్డింగు కాంట్రాక్టర్లు, మెకానిక్కులు, మెషిన్ ఆపరేటర్లు, లారీ డ్రైవర్లు. మూడోదాంట్లో భూగర్భ గనులు, పేలుడు పదార్థాలు, హైటెన్షన్ లైన్ల పనివాళ్లు, సర్కస్ వాళ్లు. మీ పని సాధారణంగా రెండో వర్గంలోకి వస్తుంది. ఇళ్లలో 230 వోల్టులు, త్రీఫేజు 415 వోల్టులు హైటెన్షన్ కిందికి రావు. ట్రాన్స్‌ఫార్మర్లు, 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ల మీద పని ఒప్పుకుంటే మాత్రం మూడోదాంట్లో పడతారు, ఆ సంగతి ముందే చెప్పాలి.

ఒకటో వర్గానికీ రెండో వర్గానికీ ప్రీమియం తేడా ఉంటుంది, నిజమే. కానీ షాపు యజమాని అని రాసిన మనిషి నాలుగో అంతస్తు సజ్జ మీద నుంచి బ్రాకెట్ బిగిస్తూ పడ్డాడని కాగితం వచ్చిందంటే, కంపెనీ మొదట తీసేది పాలసీ కోసం మీరు నింపి ఇచ్చిన ప్రపోజల్ ఫారమే. వాస్తవం దాచారని క్లెయిము తిరగ్గొట్టడానికి అంతకంటే తేలికైన దారి వాళ్లకుండదు. ఏజెంటు చెప్పారు కాబట్టి రాశాను అనే మాట అక్కడ నిలబడదు, కింద సంతకం మీది.

వృత్తి దగ్గర ఇలా రాయండి: "స్వయం ఉపాధి, ఎయిర్ కండిషనర్ టెక్నీషియన్. ఎత్తైన భవనాల బయటి గోడలపై ఔట్‌డోర్ యూనిట్ల బిగింపు, మరమ్మతు. హైటెన్షన్ పని లేదు." ఆన్‌లైన్ ఫారంలో ఇంత రాసే చోటుండదు, జాబితాలోంచి ఏదో ఒకటి ఎంచుకోమంటుంది. అప్పుడు దగ్గరగా ఉన్నది ఎంచుకుని, ఇదే వాక్యాన్ని కంపెనీ ఈమెయిలుకు పంపి "ఈ పనికి కవరు ఉందా, ఏ రిస్కు వర్గం" అని అడగండి. జవాబు కంపెనీ మెయిలు నుంచే రావాలి. ఏజెంటు వాట్సాప్‌లో పంపిన "ఓకే సర్" లెక్కలోకి రాదు. ఆ జవాబు ప్రింటు తీసి పాలసీతో పాటే దాచండి.

ఎత్తు నుంచి పడటం, కరెంటు షాకు, గ్యాస్ పేలుడు, డ్రిల్లు తగిలి తెగడం, పాముకాటు, ఇవన్నీ ప్రమాదాలే. నిర్వచనం ఏమిటంటే బయటి నుంచి, కంటికి కనిపించేలా, బలంగా, అనుకోకుండా జరిగినది. అందుకే పనిమీద ఉండగా వచ్చిన గుండెపోటుకు రాదు. వడదెబ్బ మీద పేచీ వస్తుంది. యూనిట్లు మోసీ మోసీ నడుము డిస్కు జారితే రాదు. మీ సొంత అజాగ్రత్త వల్ల జరిగిందన్న ఒక్క కారణంతో మాత్రం పర్సనల్ యాక్సిడెంట్ క్లెయిము ఆపలేరు. బెల్టు పెట్టుకోలేదు కాబట్టి ఇవ్వం అనాలంటే ఆ షరతు పాలసీలో రాసి ఉండాలి. మినహాయింపుల పేజీలో "ఎత్తు", "హజార్డస్ ఆక్యుపేషన్" (ప్రమాదకర వృత్తి) అనే మాటలు వెతికి చూసుకోండి. ఆత్మహత్య, మద్యం మత్తు, నేరం చేస్తూ గాయపడటం దాదాపు అన్ని పాలసీల్లో మినహాయింపులే.

ఇప్పుడు మీ దగ్గరున్నవి.

సురక్షా బీమా: మరణానికి 2 లక్షలు. రెండు కళ్లు, రెండు చేతులు, రెండు కాళ్లు, లేదా ఒక కన్నూ ఒక చెయ్యి/కాలూ పూర్తిగా పోతే 2 లక్షలు. ఒక కన్ను గానీ ఒక చెయ్యి గానీ ఒక కాలు గానీ పోతే లక్ష. అంతే. వేలు తెగితే సున్నా, కాలు విరిగితే సున్నా, ఆసుపత్రి బిల్లుకు సున్నా. జూన్ 1 నుంచి మే 31 దాకా ఏడాది లెక్క. మే ఆఖరి వారంలో ఖాతాలో డబ్బు లేకపోతే కవరు ఆగిపోతుంది, ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. రెండు బ్యాంకుల్లో కట్ అవుతున్నా క్లెయిము ఒక్కటే. 20 రూపాయలకు వదులుకోకూడదు, అలాగని దాని మీదే కూర్చోకూడదు.

బండి కవరు 15 లక్షలు: బండి నడుపుతున్నప్పుడు, ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడే. చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి. గోడ మీద పనికి దీంతో సంబంధం లేదు. ఒక చిన్న లాభం ఉంది. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం రెండిటికీ 15 లక్షలకు తగ్గని వేరే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే, బండి రెన్యువల్లో ఈ కవరు విడిగా కట్టనక్కర్లేదు. డిక్లరేషన్ ఇస్తే చాలు.

వీక్లీ బెనిఫిట్ అంటే ప్రమాదం వల్ల పని చేయలేని వారాలకు వారానికింత అని ఇచ్చే డబ్బు. డబ్బు పెట్టాల్సింది ముందు దానికే. మీలాంటి పనిలో చావు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ జరిగేది మడమ విరగడం, మణికట్టు విరగడం, ముంజేతి ఎముకకు ప్లేటు వేయడం. నాలుగు నెలలు నిచ్చెన ఎక్కలేరు. 25 లక్షల పాలసీలో ఆ కవరు లేకపోతే ఆ నాలుగు నెలలకు ఒక్క రూపాయి రాదు.

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలూ ఒకే షరతులతో అమ్మాలని 2021 ఏప్రిల్ నుంచి పెట్టించిన "సరళ్ సురక్షా బీమా" ఉంది. రెండున్నర లక్షల నుంచి కోటి దాకా, 18 నుంచి 70 ఏళ్లవాళ్లకు. అందులో వీక్లీ కవరు ఐచ్ఛికం, బీమా మొత్తంలో వారానికి 0.2 శాతం. 10 లక్షలకైతే వారానికి 2,000. 25 లక్షలకైతే 5,000. పదహారు వారాలు మంచానపడితే 80 వేలు. ఇదే పాలసీలో ప్రమాద చికిత్స ఖర్చులకు బీమా మొత్తంలో 10 శాతం దాకా ఇచ్చే ఐచ్ఛిక కవరు కూడా ఉంది.

వేరే పాలసీల్లో "వారానికి 1 శాతం" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కనే "గరిష్ఠంగా ఇన్ని వేలు" అని చిన్న అక్షరాల్లో. ఆ చిన్న అక్షరాల అంకే మీకు వచ్చేది. ఇంకో రెండు సంగతులు కూడా అడగండి. మొదటి వారం కోత ఉందా? "ఏ పనీ చేయలేని స్థితి" అని రాశారా, "తన వృత్తి పని చేయలేని స్థితి" అని రాశారా? మొదటిదైతే, కుర్చీలో కూర్చుని ఫోన్లు ఎత్తగలిగిన రోజు నుంచి మీకు డబ్బు ఆపొచ్చు. మీ పనికి రెండో మాట ఉన్న పాలసీయే కావాలి.

వేళ్ల పట్టిక కూడా చూడండి, ఫ్యాను రెక్కలతో పనిచేసేవాళ్లకు ఇది ఊసుపోక చదివే పేజీ కాదు. చాలా పాలసీల్లో కనిపించే లెక్క ఇది: బొటనవేలు రెండు కణుపులూ పోతే 25 శాతం, ఒక కణుపు పోతే 10. చూపుడువేలు మూడు కణుపులకు 10, రెండింటికి 8, ఒకదానికి 4. మధ్యవేలు 6, 4, 2. ఉంగరపు వేలు 5, 4, 2. చిటికెన వేలు 4, 3, 2. చూపుడువేలు రెండు కణుపులు పోతే 25 లక్షల పాలసీలో 2 లక్షలు. డాక్టరు సర్టిఫికెట్లో "వేలికి గాయం" అని ఉంటే పైసా రాదు. ఏ చేయి, ఏ వేలు, ఏ కణుపు దగ్గర తెగింది అని రాయించుకోవాలి, ఎక్స్‌రే జతచేయాలి.

మేస్త్రీ_లెడ్జరు:

పైన చెప్పినవన్నీ సరైనవే. హెల్పర్ల సంగతి నేను రాస్తాను, అది పూర్తిగా వేరే వ్యవహారం.

బ్రదర్, మీరు మీకు కాంట్రాక్టరు కావచ్చు, ఆ ఇద్దరికీ మాత్రం యజమాని. వాళ్లకు పనిలో ఏదైనా జరిగితే నష్టపరిహారం కట్టాల్సింది చట్టప్రకారం మీరే. రోజుకూలీ, కాగితం లేదు, రెండు రోజులే వచ్చాడు, ఇవేవీ అడ్డురావు. ఇన్నాళ్లూ 1923 నాటి పరిహార చట్టం ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లోకి వచ్చింది. లెక్క పద్ధతి అదే.

లెక్క చూడండి. రోజుకు 700 చొప్పున 26 రోజులు, నెలకు 18,200. పరిహారానికి నెల జీతం గరిష్ఠంగా 15,000గానే తీసుకునే పద్ధతి 2020 జనవరి నుంచి నడుస్తోంది. మరణిస్తే అందులో సగం, అంటే 7,500ను వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చిస్తారు. 25 ఏళ్లకు గుణకం 216.91. వచ్చేది 16,26,825 రూపాయలు. 40 ఏళ్ల మనిషికైతే 184.17తో 13,81,275. శాశ్వతంగా పూర్తిగా పనికి దూరమైతే సగం బదులు 60 శాతం: 25 ఏళ్ల కుర్రాడికి 19,52,190. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. నెలలోపు జమచేయకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే మొత్తంలో సగం దాకా జరిమానా. ఆ జరిమానాను ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, మీ జేబులోంచే పోతుంది.

కాబట్టి హెల్పర్ల కోసం తీసుకోవాల్సింది ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ పాలసీ. మార్కెట్లో అందరూ ఇప్పటికీ డబ్ల్యూసీ (వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్) పాలసీ అనే అంటారు. పని రకం, మనుషుల సంఖ్య, ఏడాది మొత్తం కూలీ, ఈ మూడింటి మీద ప్రీమియం వేస్తారు. తీసుకునేటప్పుడు జరిగే పొరపాట్లు ఎప్పుడూ ఇవే:

కూలీ తక్కువ చూపిస్తారు. ప్రీమియం కొంచెం తగ్గుతుంది. క్లెయిము వచ్చినప్పుడు చూపించిన కూలీకీ నిజంగా ఇచ్చిన కూలీకీ ఉన్న తేడా మేరకు మీరు భరించాలి.

ఇద్దరికి కట్టి ఏప్రిల్, మే నెలల్లో నలుగురిని తిప్పుతారు. సీజనుకు ముందే కంపెనీకి మెయిలు పెట్టి సంఖ్య పెంచించుకోండి, పాలసీలో ఆ మార్పు చేసినట్టు ఎండార్స్‌మెంటు కాగితం చేతికొచ్చాకే ఆ ఇద్దరినీ గోడ మీదికి పంపండి.

వైద్య ఖర్చుల కవరు తీసుకోరు. చాలా పాలసీల్లో అది అదనపు క్లాజు, ఒక్కో మనిషికి ఇంత అని పరిమితి. ఇది లేని డబ్ల్యూసీ పాలసీ మీకు సగం పాలసీయే. ఎందుకంటే మొదటి రోజు అడిగేది ఆసుపత్రివాళ్లు.

అన్నిటికంటే పెద్ద అపోహ: డబ్ల్యూసీ పాలసీలో తమకు కూడా కవరు ఉందనుకోవడం. లేదు. యజమాని తనకు తాను ఉద్యోగి కాడు. ఆ పాలసీ మీ హెల్పర్ల పట్ల మీ బాధ్యతకు మాత్రమే. మీకు పర్సనల్ యాక్సిడెంట్, వాళ్లకు డబ్ల్యూసీ, రెండూ విడివిడిగా ఉండాలి.

హెల్పరు తాగి ఉన్నాడనో, బెల్టు పెట్టుకోమన్నా వినలేదనో చెప్పి తప్పించుకోవచ్చని కొందరంటారు. చిన్న గాయాల వరకే ఆ వాదన. మరణానికీ, శాశ్వత పూర్తి వైకల్యానికీ అది చెల్లదు.

డీలరు సంగతి: మీ హెల్పరు డీలరు అప్పగించిన పనిలో గాయపడితే, ఏసీల బిగింపు డీలరు వ్యాపారంలో భాగమే కాబట్టి, పరిహారం డీలరు దగ్గర కూడా అడగొచ్చు. డీలరు కట్టి మీ దగ్గర రాబట్టుకుంటాడు. అందుకే పెద్ద డీలర్లు, టెక్ పార్కులు లోపలికి రానిచ్చే ముందు డబ్ల్యూసీ కాపీ అడుగుతాయి. సొంత ఇంటికి ఏసీ పెట్టించుకునే ఇంటాయనకు ఈ బాధ్యత రాదు, అది ఆయన వ్యాపారం కాదు గనక.

మీ విషయంలో డీలరుకు బాధ్యత లేదనే మామూలుగా అనుకోవాలి. అయితే ఒక్క డీలరు దగ్గరే నెలజీతంలా తీసుకుంటూ, వాళ్ల యూనిఫాం వేసుకుని, వాళ్లు చెప్పిన వేళకే వెళ్తూ, వాళ్ల పనిముట్లతోనే పనిచేస్తుంటే, కాగితం మీద "కాంట్రాక్టరు" అని ఉన్నా ఉద్యోగేనని వాదించే అవకాశం ఉంటుంది. పేరును కాదు, అజమాయిషీ ఎవరిదో చూస్తారు.

ఇంకొకటి. హెల్పర్లు కొత్త భవనాల్లో ఎలక్ట్రికల్, ప్లంబింగ్ పనులకూ వెళ్లేవాళ్లైతే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో నమోదు చేయించండి. 18 నుంచి 60 ఏళ్ల వయసు, గడిచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని, ఇవీ షరతులు. ప్రమాద మరణానికీ వైకల్యానికీ బోర్డు సాయం వేరుగా వస్తుంది. కార్డు రెన్యువల్ తేదీ దాటకుండా చూసుకోవాలి.

రాగిపైపు_బెజవాడ:

చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. డబ్ల్యూసీలో నాకూ కవరు ఉంటుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇంకో చిక్కు వచ్చింది. 25 లక్షలకు వీక్లీ కవరుతో అడిగితే ఆదాయం రుజువు కావాలన్నారు. ఐటీ రిటర్ను ఉంది కానీ అందులో ఏడాదికి లక్షా యాభై వేలే కనిపిస్తోంది. మొత్తం బిల్లులు ఏడాదికి 19 లక్షల దాకా ఉంటాయి, సామాన్ల ఖర్చే ఎక్కువ.

పన్నులెక్క:

మీ రిటర్ను 44ఏడీ పద్ధతిలో వేసి ఉంటారు. మొత్తం రాబడిలో నగదుకు 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం లాభంగా చూపిస్తే చాలనే నియమం అది. 19 లక్షలు మొత్తం నగదే అయితే 1,52,000. మీ అంకె అక్కడి నుంచే వచ్చింది.

ఇక్కడే చాలామంది సొంత పనివాళ్లు దెబ్బతింటారు. 8 శాతం అనేది కనీసం. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే చూపించాలి. మీకు నెలకు 40 వేలు మిగిలితే ఏడాదికి 4,80,000 చూపించండి. పన్ను పెరుగుతుందని భయం అక్కర్లేదు. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు పోను కట్టాల్సింది సున్నా.

ఇన్సూరెన్స్ కంపెనీలు బీమా మొత్తాన్ని ఏడాది ఆదాయానికి ఇన్ని రెట్లు అని పరిమితం చేస్తాయి, వీక్లీ కవరుంటే ఆ పరిమితి ఇంకా బిగిస్తాయి. లక్షన్నర చూపించే మనిషికి 25 లక్షలు ఇవ్వడానికి వెనకాడటం సహజం. ఒకవేళ ఇచ్చినా, వారానికి 5,000 అంటే ఏడాదికి 2,60,000, అంటే మీరు చూపించిన ఆదాయం కంటే ఎక్కువ. మంచాన ఉన్నప్పుడు పనిలో కంటే ఎక్కువ వస్తోందేమిటి అని క్లెయిము రోజున అడుగుతారు.

ఈసారి రిటర్ను సరిగ్గా వేసేదాకా 10 లక్షలకు తీసుకోండి, రెన్యువల్లో పెంచండి. పనుల డబ్బు వీలైనంత యూపీఐలో ఒకే ఖాతాకు రానివ్వండి. ఆ ఖాతా స్టేట్‌మెంటే తర్వాత మీకు సాక్ష్యం.

క్లెయిము_ఫైలు:

రిటర్ను సలహా బంగారం లాంటిది. పాలసీ అందాక చేయాల్సినవి, ప్రమాదం జరిగిన రోజు చేయాల్సినవి కూడా రాసేస్తాను. క్లెయిములు ఎక్కువగా చెడేది ఇక్కడే.

పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ (పాలసీ ముఖ్యాంశాల కాగితం) ఇస్తారు. తెలుగులో కావాలని అడిగితే ఇవ్వాలి. దాంట్లో వృత్తి, నామినీ పేరు, వీక్లీ కవరు ఈ మూడూ సరిచూసుకోండి. నామినీ పేరు ఆధార్‌లో ఉన్న అక్షరాలతోనే ఉండాలి. నచ్చకపోతే, అందిన 30 రోజుల్లోపు పాలసీ వెనక్కి ఇచ్చేయొచ్చు.

ప్రమాదం రోజున మొట్టమొదటి కాగితం క్యాజువాలిటీ చీటీ. అక్కడి డ్యూటీ డాక్టరు "ఎలా జరిగింది" అని అడిగి ఒక్క వరుస రాసుకుంటారు. ఆ ఒక్క వరుసే మిగతా ఫైలు మొత్తాన్ని నడిపిస్తుంది. తోడొచ్చినవాళ్లు పోలీసు గొడవ ఎందుకులే అని "ఇంట్లో మెట్ల మీద జారాడు" అంటారు. నెల తర్వాత క్లెయిము ఫారంలో "పనిచేస్తుండగా మూడో అంతస్తు నుంచి పడ్డాడు" అని రాస్తారు. ఈ రెండూ కలవవు. క్లెయిము అక్కడే ఆగుతుంది. జరిగింది జరిగినట్టు, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎంత ఎత్తు నుంచి అనేది చెప్పి రాయించండి. మెడికో లీగల్ కేసుగా (ఆసుపత్రి పోలీసులకు తెలియజేసే కేసుగా) నమోదు చేయమని అడగండి. హెల్పర్లిద్దరికీ ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు మాట్లాడే స్థితిలో మీరు ఉండకపోవచ్చు.

డిశ్చార్జి సమ్మరీలో కూడా అదే వరుస ఉందో లేదో బయటికొచ్చే ముందు చదవండి. తప్పుంటే ఆసుపత్రిలో ఉండగానే దిద్దించుకోవాలి. వారం దాటాక దిద్దితే అనుమానంగా చూస్తారు.

కంపెనీకి ఫోను, మెయిలు రెండూ ఆ రోజో మర్నాడో వెళ్లాలి. కాగితాలన్నీ వచ్చాక చెబుదామని ఆగకండి. తెలియజేయడం వేరు, ఫైలు ఇవ్వడం వేరు. సురక్షా బీమాకైతే బ్యాంకు శాఖలో 30 రోజుల్లోపు ఫారం ఇవ్వడం మంచిది.

వీక్లీ కవరుకు కావాల్సినవి: పనికి వెళ్లకూడదని డాక్టరు రాసిన సర్టిఫికెట్, ప్రతి రివ్యూకూ కొత్త చీటీ, ఎక్స్‌రేలు, చివర్లో పనికి ఫిట్ అని తేదీతో సర్టిఫికెట్. మధ్యలో ఆరు వారాలు డాక్టరు దగ్గరికి వెళ్లకపోతే ఆ ఆరు వారాలకు కాగితం లేనట్టే. ఇంకోటి, ఆ రోజుల్లో మీ పేరుతో బిల్లులు ఇస్తే, సైటుకెళ్లి పక్కన నిలబడి చేయించినా సరే, కవరు అక్కడితో ఆగొచ్చు.

ప్రాణం పోయిన కేసుల్లో రాయడానికి కష్టంగానే ఉంది, అయినా ఇంట్లోవాళ్లకు తెలిసి ఉండాలి. పోస్టుమార్టం వద్దని సంతకం పెట్టి తీసుకెళ్లిపోతే క్లెయిము దాదాపు పోయినట్టే. అసహజ మరణం కింద కేసు (ఇప్పుడు కొత్త నేర ప్రక్రియా చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ 194 సెక్షన్, పాత సీఆర్‌పీసీలో 174), పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, ఈ మూడూ ఉండాలి. కరెంటు షాకు అయితే ఇది మరీ ముఖ్యం. ఒంటి మీద కాలిన గుర్తు చిన్నదైతే చూడటానికి గుండెపోటులాగే ఉంటుంది. కరెంటు లోపలికెళ్లిన చోటు, బయటికొచ్చిన చోటు రిపోర్టులో ఉంటేనే ప్రమాదమని తేలుతుంది. అలాంటి ప్రమాదం మీద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్ విచారణ రిపోర్టు ఉంటే దాని కాపీ కూడా ఫైల్లో పెట్టాలి. ఫోరెన్సిక్ రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది, అందాకా ఆగకుండా మిగతా ఫైలు ఇచ్చేసి అది తర్వాత జతచేయాలి.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలు ఎన్నుంటే అన్నీ విడివిడిగా చెల్లిస్తాయి. సురక్షా బీమా వచ్చిందని ఇంకొకరు కోత పెట్టలేరు. జన్‌ధన్ ఖాతా రూపే కార్డుంటే దాని ప్రమాద బీమా కూడా ఉంటుంది, ప్రమాదానికి ముందు 90 రోజుల్లో కార్డు ఒక్కసారైనా వాడి ఉండాలి. ఆసుపత్రి బిల్లు మాత్రం అసలు రసీదుల మీద ఒక్కసారే.

మేస్త్రీ_లెడ్జరు:

ఏసీ పని కాబట్టి రెండు మాటలు కలుపుతాను, ఇవి పాలసీ కంటే ముందు మాటలు.

లీకు టెస్టుకు నైట్రోజన్ సిలిండరు, రెగ్యులేటరు తప్ప ఇంకేదీ వాడనివ్వకండి. నైట్రోజన్ అయిపోయిందని వెల్డింగు ఆక్సిజన్ ఎక్కిస్తుంటారు. కంప్రెసరులో ఉన్న నూనెకు ఒత్తిడిలో ఆక్సిజన్ తగిలితే కంప్రెసరు బాంబులా పేలుతుంది. ఆర్-32 గ్యాసు అంటుకునే రకం, ఆర్-290 మరీనూ. లైనులో గ్యాసు ఉండగా టార్చి వెలిగించకూడదు, గ్యాసు రికవర్ చేసి నైట్రోజన్ పంపించాకే బ్రేజింగు (టార్చితో పైపులు అతకడం).

రెండోది, రాగిపైపు చుట్టను మేడ మీద నుంచి కిందికి విప్పేటప్పుడు. పదిహేను మీటర్ల చుట్ట వదిలేసరికి స్ప్రింగులా బయటికి లేస్తుంది. ఇరుకు సందుల్లో 11 కేవీ తీగ పిట్టగోడకు చేతికందేంత దూరంలో పోతుంటుంది. తగలక్కర్లేదు, బాగా దగ్గరికెళ్లినా దూకుతుంది. అలాంటి చోట పైపును కింద నేల మీదే విప్పి, కోసి, టేపు చుట్టి పైకి లాగండి. లేదా లైన్‌మన్‌తో మాట్లాడి సప్లయి ఆపించి చేయండి.

రాగిపైపు_బెజవాడ:

ఏజెంటుకు ఇవాళే చెప్పాను, వృత్తి మార్చి రాయకపోతే వద్దని. కంపెనీకి మెయిలు పెట్టాను. ఒకవేళ రేపు అన్నీ సరిగ్గా రాసినా క్లెయిము తిరగ్గొడితే ఎక్కడికెళ్లాలి? లాయరును పెట్టుకోవాలా?

క్లెయిము_ఫైలు:

అక్కర్లేదండి. ముందు ఆ కంపెనీ గ్రీవెన్స్ విభాగానికే రాతపూర్వకంగా ఫిర్యాదు. తిరస్కరణ లేఖలో ఏ క్లాజు నంబరు కింద తిరస్కరించారో అదే నంబరు రాసి, దానికి మీ కాగితం ఏదో చూపించండి. ఐఆర్‌డీఏఐ బీమా భరోసా పోర్టల్లో కూడా నమోదు చేయండి, 155255కి ఫోను చేసినా తీసుకుంటారు.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లాలి. ఆంధ్ర, తెలంగాణ, యానాంలకు కలిపి ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్‌లో. ఫీజు లేదు, లాయరును అనుమతించరు, మీరే మాట్లాడుకోవాలి. 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. ఆ లోపు కన్స్యూమర్ కోర్టులో కేసు వేస్తే అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు, కాబట్టి ముందు ఇక్కడికే వెళ్లండి.

తీసుకెళ్లాల్సిన కాగితాల్లో మొదటిది మీరు సంతకం పెట్టిన ప్రపోజల్ ఫారం కాపీ. పాలసీ డాక్యుమెంటు జతలో అది రాకపోతే ఇప్పుడే అడిగి తెప్పించుకోండి.